బాపు చెప్పిన 506

ఆదివారం, హన్మకొండ.

పొద్దున్నుంచి ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయాను. సీసీఎన్ఏకి, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పరీక్షకి చదువుతున్నాను కదా, ప్రశ్న చిన్నదే. 192.168.17.0 నుంచి 192.168.20.0 వరకు నాలుగు నెట్‌వర్క్‌లు, అన్నీ /24, అంటే 32 బిట్ల ఐపీ చిరునామాలో మొదటి 24 బిట్లు నెట్‌వర్క్‌వి. వీటిని ఒకే రూట్‌గా, అంటే ఒకే దారిగా కలపాలి. నాలుగున్నాయి కాబట్టి రెండు బిట్లు తగ్గించి /22 అని రాశాను. తప్పట. మళ్లీ చేసినా అదే జవాబు. టెన్షన్‌లో అన్నం కూడా సరిగా తినలేదు.

బాపు తపాలా శాఖలో ఉత్తరాల సార్టింగ్ చేసి రిటైరయ్యాడు. "ఏందది బిడ్డా?" అంటే చెప్పాను, డేటాకు దారి చూపే రౌటర్ ప్రతి నెట్‌వర్క్‌నూ విడివిడిగా గుర్తుపెట్టుకోకుండా గుంపుకు ఒక్క దారి రాసుకుంటుందని. వెంటనే అందుకున్నాడు.

"దూరమున్నోనికి ఇంటి నంబరుతోని పనేంది? పిన్‌కోడ్‌ల 506 చూసి వరంగల్ సంచిల ఏస్తడు. హన్మకొండ 506001, కాజీపేట 506003, జనగామ 506167, అన్నీ అండ్లనే. మిగతాది ఇక్కడోళ్లు చూసుకుంటరు."

చిరునామాలో ఎంతవరకు చూడాలో చెప్పేదే సబ్‌నెట్ మాస్క్ అని అప్పుడు నిజంగా అర్థమైంది. పిన్‌కోడ్‌లో కోత అంకె దగ్గర పడుతుంది, ఐపీలో బిట్ దగ్గర. అందుకే బిట్లు రాసి చూడాలి.

చిరునామాలో మూడో సంఖ్యను బిట్లలో రాస్తే, 16 అంటే 00010000, 19 అంటే 00010011. ఈ మధ్య ఉన్న నాలుగింటికీ మొదటి ఆరు బిట్లు ఒకటే. ముందున్న 192.168కి పట్టే 16 బిట్లతో కలిపి 22. మాస్క్ 255.255.252.0. కానీ 20 దగ్గరికి వచ్చేసరికి 00010100, ఆరో బిట్టే మారిపోయింది! నా /22లో అడగని 16 వచ్చి చేరింది, అడిగిన 20 బయటే ఉండిపోయింది. నాలుగు ఉంటే చాలదు, మొదటిది నాలుగుతో భాగించబడాలి. /21 వేస్తే 16 నుంచి 23 దాకా వచ్చేస్తాయి, మనవి కాని వాటికీ మనమే దారి అని చెప్పినట్టవుతుంది. కచ్చితంగా కావాలంటే మూడు రూట్లు: 17 విడిగా /24, 18, 19 కలిపి /23, 20 విడిగా /24.

ఉత్సాహం ఆగలేదు. 32 నుంచి 39 దాకా ఎనిమిది తీసుకుని /21 వేసి బాపుకు చూపించాను.

"మరి 36 కాడికెళ్లి ఎనిమిది తీసుకుంటే?" అన్నాడు.

36 ఎనిమిదితో పోదు. రెండు /22లు పడ్డాయి.