ఐదు గంటల తేడా ఉన్న మూడు వారాలు

అమెరికా వెళుతున్నానని చెప్పగానే విశాఖపట్నంలోని మా బంధువులు అడిగిన మొదటి ప్రశ్న, ఎవరి పిల్లల దగ్గర దిగుతున్నారని. ఒక ఆంగ్లేయుడి ఇంట్లో దిగుతున్నానంటే మా వదినగారు నమ్మలేదు. "అంత దూరం వెళ్లి, అంతమంది మనవాళ్లుండగా, తెల్లవాళ్లింట్లో దిగడమేమిటండీ?" అన్నారు. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో ఇరవై రెండేళ్లపాటు ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క ఇటుక గోడ మాత్రమే అడ్డంగా ఉండేదనీ, నేను అక్కడి ఆసుపత్రిలో వైద్యుడిగా చేరిన కొత్తలో చెత్తడబ్బా ఏ రోజున వీధిలో పెట్టాలో మొదలుకొని పొరుగువారిని ఎంతవరకు పలకరించవచ్చో వరకు అన్నీ ఆయనే నేర్పారనీ ఆవిడకు వివరించే ఓపిక నాకు లేకపోయింది.

నా మిత్రుడు బడిలో భూగోళశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. ఆయన భార్య అమెరికన్. ఆమె తల్లిదండ్రులకు చూసేవారు కావలసి రావడంతో ఏడేళ్ల కిందట ఇద్దరూ ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌కు మారిపోయారు. 2025 మార్చి 1వ తేదీన ఓహేర్ విమానాశ్రయంలో దిగిన నన్ను ఆయనే కారులో తీసుకువెళ్లారు.

నేపర్‌విల్ షికాగోకు పడమరగా దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, డ్యూపేజ్ నది ఒడ్డున ఉంది. 1831లో జోసెఫ్ నేపర్ అనే ఆయన స్థిరపడిన చోటు కనుక ఆ పేరు వచ్చింది. 2020 జనాభా లెక్కల నాటికి అక్కడ దాదాపు లక్షన్నర మంది ఉన్నారు. పక్కనే ఉన్న అరోరాలో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉండటం వల్ల పిల్లల్ని చూడటానికి వెళ్లే మన పెద్దవాళ్లలో చాలామందికి ఈ ప్రాంతం తెలిసినదే. అయితే ఆ ఊరిని ఒక బ్రిటిషర్ రోజువారీ బతుకులోంచి చూసే అవకాశం నాకు దొరికింది.

మొదటి ఉదయమే టీ కెటిల్ దగ్గర పాఠం మొదలైంది. బ్రిటన్‌లో గోడ ప్లగ్గుకు మూడు కిలోవాట్ల కెటిల్ తగిలిస్తే రెండు మూడు నిమిషాల్లో నీళ్లు మరుగుతాయి. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులే కాబట్టి అక్కడి కెటిల్ శక్తి అందులో సగం. ఆయన కెటిల్ పెట్టి, వాకిట్లోకి వెళ్లి పత్రిక తెచ్చుకుని, మొదటి పేజీ చదవడం పూర్తిచేసి అప్పుడు కప్పులు కడిగేవారు. పైగా అక్కడి ప్లగ్గులకు మీట ఉండదు. లెస్టర్‌లోనూ మన ఇళ్లలోనూ ప్రతి ప్లగ్గుకూ మీట ఉంటుంది కాబట్టి, ఏడేళ్ల తరువాత కూడా ఆయన వేలు గోడ మీద ఆ మీట కోసం వెతకడం నేను చూశాను. నా వేలూ అక్కడికే వెళ్లింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాము.

మార్చి 4 మంగళవారం. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు మర్నాటి నుంచి ప్రారంభమవుతాయి కనుక బ్రిటన్‌లో ఆ రోజు ఇంటింటా పాన్‌కేకులు వేసుకుంటారు. ఆయన వేసేది మైదా, గుడ్డు, పాలు కలిపి పల్చగా పోసిన అట్టు. దాని మీద పంచదార చల్లి, నిమ్మరసం పిండి చుట్టచుట్టి పెడతారు. భార్య వేసేది ఊతప్పమంత మందం, దాని మీద మేపుల్ పాకం. ఒకే పేరుతో ఉన్న ఈ రెండు వంటకాల మీద ఆ ఇంట్లో ఏటా చర్చ నడుస్తుందట. ఆయన మూడో అట్టు తిరగేస్తున్న సమయంలో, సరిగ్గా పది గంటలకు, ఊరంతా దద్దరిల్లేలా సైరన్ మోగింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆయన అట్లకాడ దించకుండానే "కూర్చోండి డాక్టర్, ఇది పరీక్ష మాత్రమే" అన్నారు. సుడిగాలుల హెచ్చరిక కోసం పెట్టిన సైరన్లను ఇల్లినాయ్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం పది గంటలకు మోగించి చూస్తారు. వచ్చిన మొదటి నెలలో ఈ సంగతి తెలియక ఆయన ఒక్కరే నేలమాళిగలోకి పరుగెత్తి అరగంట కూర్చున్నారట. పైకి వచ్చి చూస్తే ఎదురింటాయన తాపీగా కారు తుడుచుకుంటున్నాడట. ఇంకొకసారి లెస్టర్‌లో ఉన్న తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుండగా అది మోగింది. ఆవిడకు ఇప్పుడు తొంభై ఒకటి. 1940 నవంబరు 19 రాత్రి లెస్టర్ మీద బాంబులు పడినప్పుడు ఆవిడ ఏడేళ్ల పిల్ల. ఫోన్‌లో ఆ కూత విని ఆవిడ ఏమీ అనలేదట, చాలాసేపు మౌనంగా ఉండిపోయారట. అప్పటినుంచి ఆయన మొదటి మంగళవారాల్లో ఆ వేళకు ఫోన్ జోలికి వెళ్లరు.

భాష ఒకటే కదా, ఇక ఇబ్బందేమిటని ఆయన వచ్చిన కొత్తలో అనుకున్నారు. ఆ భ్రమ తీరిన కథ ఆయన చెప్పగా విన్నాను. వాళ్ల వీధిలో ఇంటి యజమానుల సంఘం ఒకటి ఉంది, దాని నిబంధనల ప్రకారం పెరట్లో బట్టలు ఆరవేసే తీగ కట్టకూడదు. ఎండలో ఆరిన దుప్పటి వాసన లేకుండా ఎలాగని ఈయన సంఘం సమావేశానికి వెళ్లి, తన వాదన చెప్పి, "దీన్ని టేబుల్ చేద్దాం" అన్నారు. బ్రిటన్‌లో ఆ మాటకు చర్చకు పెడదామని అర్థం. ఫలానా నివేదికను సభలో టేబుల్ చేశారని మన పత్రికలు రాసేది కూడా ఆ అర్థంలోనే. అమెరికాలో మాత్రం దానికి ప్రస్తుతానికి పక్కన పెట్టేద్దామని అర్థం. సభ్యులందరూ ఎంతో సంతోషంగా ఒప్పుకుని తరువాతి అంశానికి వెళ్లిపోయారు. ఈయన తన వంతు ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూసి, కుర్చీలు సర్దుతుంటే లేచి వచ్చేశారు. దుప్పట్లు ఇప్పటికీ నేలమాళిగలోని యంత్రంలోనే ఆరుతున్నాయి.

ఒకరోజు పాలు తేవడానికి ఇద్దరం నడిచి బయలుదేరాము. దుకాణం మైలున్నర దూరం. లెస్టర్‌లో అది ఎవరూ లెక్కచేయని దూరం. కాలిబాట ఉన్నంతవరకు బాగానే ఉంది, పెద్ద రోడ్డు దాటవలసిన చోట మాత్రం పాదచారులకు సంకేతం వెలిగేసరికి మా ఇద్దరి చేతులూ చలికి మొద్దుబారాయి. తిరిగి వస్తుండగా ఒక కారు పక్కన ఆగింది. నడుపుతున్న ఆవిడ అద్దం దించి, కారు చెడిపోయిందా, ఎక్కడైనా దింపనా అని ఎంతో ఆదరంగా అడిగింది. "లేదమ్మా, నడుస్తున్నాము" అని ఆయన చెబితే, ఆవిడకు సమాధానం అర్థమైనట్టు లేదు గాని, ఆయన యాస విని ముఖం వికసించింది. "మీది ఆస్ట్రేలియానా?" అని అడిగింది. ఇలా అడిగినవాళ్లను ఆయన మొదటి ఏడాది సరిదిద్దేవారట, ఇప్పుడు "దగ్గరలోనే" అని ఊరుకుంటున్నారు.

ఆయన తన ఊరి రుచులను కొనుక్కునే చోటు చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. బ్రిటన్ తేయాకు, డైజెస్టివ్ బిస్కెట్లు, హార్లిక్స్ ఇవన్నీ ఆయన రూట్ 59 వైపు ఉన్న ఒక భారతీయ కిరాణా కొట్టులో కొంటారు. సామ్రాజ్యం పోయినా బిస్కెట్టు మిగిలిందని ఆయనే అన్నారు. నేను గోంగూర కట్టలు ఏరుతుంటే ఆయన పక్క వరుసలో పెట్టెల మీది తేదీలు చూసుకుంటున్నారు. డబ్బులు తీసుకునే కుర్రవాడు నా చేతిలోని గోంగూర చూసి తెలుగులోకి దిగాడు: "అంకుల్, ఆయన మీ ఫ్రెండా? ప్రతి వారం వస్తారు. బిస్కెట్లు అయిపోతే మా ఓనర్ కన్నా ఆయనే ఎక్కువ బాధపడతారు." లెస్టర్‌లోని బెల్‌గ్రేవ్ రోడ్డులో గుజరాతీ కొట్ల వెంట కరివేపాకు కోసం ముప్ఫై ఏళ్లు తిరిగిన నాకు ఆ బాధేమిటో బాగా తెలుసు.

అక్కడ ఉన్నన్నాళ్లూ నా మనసులో మెదిలిన ఒక మాటను ఒక సాయంత్రం ఆయన ముందు పెట్టాను. అమెరికాలో ఆయనను అందరూ 'ఎక్స్‌పాట్' అంటారు, అంటే స్వదేశం విడిచి పరదేశంలో ఉంటున్నవాడని. బ్రిటన్‌లో నేనున్న ముప్ఫై ఒక్క ఏళ్లలో నన్ను ఆ మాటతో పిలిచినవారు లేరు, మేము ఇమ్మిగ్రెంట్లమే, అంటే వలస వచ్చినవాళ్లమే. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ వెళ్లగొట్టిన ఆసియన్లను తమ ఊరికి రావద్దని కోరుతూ లెస్టర్ నగరపాలక మండలి ఉగాండా పత్రికలో ప్రకటన కూడా ఇచ్చింది. ఆ ప్రకటన గురించి ఆయన తన తరగతిలో చెప్పేవారు కనుక కొత్తగా వివరించవలసిన అవసరం రాలేదు. కాసేపు ఆలోచించి, "పన్ను కాగితాల్లో మాత్రం నన్ను రెసిడెంట్ ఏలియన్, అంటే ఇక్కడ ఉంటున్న పరదేశి, అనే రాస్తారు. ఆ ఒక్కచోట మనకు న్యాయం జరిగింది" అన్నారు. ఇది ఆయన తప్పేమీ కాదు, కాని ఆ రెండు పదాల మధ్య దూరం ఊరికే రాలేదని నా అభిప్రాయం. పింఛను సంగతి చూడండి. ఇద్దరమూ బ్రిటన్‌లో ఒకే పద్ధతిలో చందా కట్టినవాళ్లమే. బ్రిటన్ ప్రభుత్వ పింఛను అమెరికాలో ఉన్నవారికి ప్రతి ఏప్రిల్‌లోనూ పెరుగుతుంది. భారతదేశంలో స్థిరపడినవారికి పెరగదు. నేను వచ్చేసిన నాటి మొత్తం దగ్గరే నాది గడ్డకట్టింది. ఈ విషయంలో ఆయనకు నాకన్నా ఎక్కువ కోపం. మరి ఆయన కోపాలు ఆయనకున్నాయి: దంతాలకో కంటికో వెళ్లి వస్తే ఇంటికి బీమా సంస్థ నుంచి 'ఇది బిల్లు కాదు' అని పైన అచ్చువేసిన కాగితం వస్తుంది, వారం తిరిగేసరికి అసలు బిల్లు వస్తుంది. నాలాగే, బ్రిటన్‌లో ప్రభుత్వమే వైద్యం చేయించే జాతీయ ఆరోగ్య సేవలో మనిషై పెరిగిన ఆయన ఆ మొదటి కాగితాన్ని ఏడేళ్లుగా అపార్థం చేసుకుంటూనే ఉన్నారు.

నది వెంబడి ఇటుకలు పరిచిన నడకదారి ఆ ఊరికి అందం. ఊరి నూటయాభయ్యో ఏడు సందర్భంగా 1981లో దాన్ని కట్టారు. దాని ఒక కొసన మోజర్ టవర్ ఉంది, అందులో 72 గంటలున్నాయి. మిత్రుడు దాని కింద నిలబడి పైకి చూస్తూ, "మంచి గంటలే, కాని వీటిని మోగించేది ఒక్కరే" అన్నారు. అక్కడ గంటలు కదలవు. కింద మీటల వరుస ముందు కూర్చున్న ఒక్క మనిషి సంగీతం వాయించినట్టు వాటిని పలికిస్తాడు. ఆయన లెస్టర్ దగ్గరి పల్లె చర్చిలో యౌవనం నుంచీ గంటలు లాగినవారు. ఇంగ్లండు పద్ధతిలో ఒక్కో గంటకు ఒక్కో మనిషి, ఒక్కో తాడు. గంట పూర్తిగా చుట్టు తిరుగుతుంది. పాట అంటూ ఉండదు, గంటల వరుస మాత్రం ప్రతిసారీ మారుతుండాలి. ఏడు గంటలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చో అన్నీ మోగిస్తే 5,040 వరుసలవుతాయి, దానికి ఇంచుమించు మూడు గంటల కాలం పడుతుంది, ఒక్క వరుస కూడా రెండోసారి రాకూడదు. అష్టావధానులు పుట్టిన నేల నుంచి వచ్చినవాణ్ణి కనుక నేను ఇది శ్రద్ధగా విన్నాను. షికాగో విశ్వవిద్యాలయంలోని మిచెల్ టవర్‌లో 1908 నుంచి ఇలాంటి పది గంటలున్నాయి. వీలైన శనివారాల్లో ఆయన రైలెక్కి అక్కడికి వెళ్లి తాడు పట్టుకుంటారు.

ఇక ఈ శీర్షిక సంగతి. లెస్టర్‌కూ నేపర్‌విల్‌కూ ఆరు గంటల తేడా. అమెరికా గడియారాలను మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో చివరి ఆదివారం. ఆ ఏడాది 9 నుంచి 30 దాకా మధ్యలో ఉన్న మూడు వారాలు తేడా ఐదు గంటలే. ఆయన రోజూ ఉదయం పదకొండుకు తల్లికి ఫోన్ చేస్తారు. అక్కడి వృద్ధాశ్రమంలో అప్పుడు సాయంత్రం ఐదు, టీ వేళ. మార్చి 9న గడియారాలు మార్చుకున్నామే గాని ఆ లెక్క ఇద్దరికీ తట్టలేదు. పదకొండుకు చేస్తే అక్కడ నాలుగే అయింది, ఆవిడ నిద్రలో ఉన్నారు. మర్నాటి నుంచి ఫ్రిజ్ తలుపు మీద '12' అని రాసిన కాగితం వేలాడింది.

బ్రిటన్‌లో తల్లుల ఆదివారం కూడా ఆ ఏడాది మార్చి 30నే వచ్చింది. అమెరికాలో తల్లుల దినం మే నెలలో కాబట్టి మార్చిలో అక్కడి కొట్లలో ఆ కార్డులు దొరకవు. ఆయన కిందటి మే నెలలోనే ఒకటి కొని సొరుగులో దాచారు. కంప్యూటరు మీద కొంటే లెస్టర్ నుంచే పంపుతారు గదా అంటే, అందులో తన చేతిరాత ఉండదన్నారు. మార్చి 15న ఆ కార్డు బయటికి తీశారు. దాని మీద బంగారు అక్షరాలతో అమెరికావారి 'మామ్' ఉంది, ఇంగ్లండులో తల్లిని పిలిచేది 'మమ్' అని. ఆయన కళ్లజోడు సవరించుకుని, మధ్యలోని గుండ్రటి 'ఓ' నెత్తి మీద సన్నటి కుంచెతో తెల్లసిరా అద్దారు. పైన తెరుచుకుని అది 'యు' అయిపోయింది. విదేశాలకు అంటించే గుండ్రటి తపాలా బిళ్ల వేసి, వాకిట్లోని పెట్టెలో పెట్టి, తీసుకువెళ్లవలసినది ఉందని తెలిపే ఎర్ర జెండాను పైకి ఎత్తి వచ్చారు.

30వ తేదీన ఫ్రిజ్ మీది కాగితం తీసేసి, పదకొండు గంటలకు ఫోన్ చేశారు. నాకూ వినపడేలా స్పీకర్ పెట్టారు. కార్డు గురువారమే అందిందని ఆవిడ చెప్పారు. పువ్వులు బాగున్నాయని, రాత అప్పటిలాగే వంకరగా ఉందని కూడా చెప్పారు. "ఒక్క అక్షరం మీద మాత్రం తెల్లగా ఏదో అంటుకుంది నాయనా. ఇక్కడి అమ్మాయి చేత గోటితో గీకించాను, శుభ్రంగా వచ్చేసింది."