నొజావా నిప్పు

చిన్నప్పుడు భోగినాడు ఇంకా చీకటి ఉండగానే అమ్మ నన్ను లేపి, తలంటి పోసి, చేతికి పిడకల దండ ఇచ్చి వీధి మంట దగ్గరికి పంపేది. నిప్పు అంటే నాకు అప్పటి నుంచీ పాతదంతా తెచ్చి వేసే చోటు. ఎవరు వచ్చి ఏది వేసినా అడ్డుపెట్టేవారు ఉండరు. జపాన్‌లో నాగానో ప్రాంతపు కొండల్లో ఉన్న నొజావా ఒన్‌సెన్ అనే పల్లెలో ఏటా జనవరి 15 రాత్రి పెద్ద మంట వేస్తారని తెలిసినప్పుడు, అది మన భోగికి దూరపు చుట్టమై ఉంటుందన్న ఊహతో, ఇంట్లోవాళ్లు సంక్రాంతి పనుల్లో ఉండగా నేను ఒక్కడినే అక్కడికి బయలుదేరాను.

టోక్యో నుంచి హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో రెండు గంటలలోపే ఈయామా స్టేషను వచ్చింది, అక్కడి నుంచి బస్సులో మరో 25 నిమిషాలు. దారికి రెండు వైపులా మనిషెత్తు మంచు. నేను దిగిన చిన్న బస ఇంటావిడ నా కొత్త కోటును చూడగానే తల అడ్డంగా ఊపి, లోపలి నుంచి ఎవరిదో పాత దళసరి కోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘అబునాయ్’ అంటూ, అంటే ప్రమాదమని, వేళ్లతో నిప్పురవ్వలు ఎగిరిపడుతున్నట్లు చూపించింది.

ఈ ఉత్సవం దోసోజిన్‌ది. దారుల కూడళ్లలో, ఊరి సరిహద్దుల్లో నిలబడి చెడును లోపలికి రానివ్వని దేవుడు ఆయన. మన పొలిమేర దేవతలను ఎరిగినవారికి ఆయనను వేరుగా పరిచయం చేయనక్కరలేదు. పెళ్లిళ్లు కుదరాలన్నా, పిల్లలు చల్లగా ఉండాలన్నా ఆయనకే మొక్కుతారు. జపాన్‌వారు 1873లో కొత్త క్యాలెండరుకు మారకముందు, కొత్త ఏడాది తొలి పున్నమిని చిన్న సంవత్సరాదిగా జరుపుకొనేవారు. ఆ పండుగే ఇప్పుడు జనవరి 15కు వచ్చి కుదురుకుంది.

వారి లెక్కలో మగవారికి 25, 42 ఏళ్లు గండమున్న వయసులు. 42లోని అంకెలను విడివిడిగా పలికితే ‘షి ని’ అని, చావు అనే మాటలా వినిపిస్తుంది. ఆ గండాలలో ఉన్నవారే ఇక్కడ ఉత్సవానికి పెద్దలు. శరదృతువులో అడవిలో కొట్టిన బునా అనే బీచ్ చెట్ల మానులను మోకులతో ఊరి వీధుల గుండా లాక్కొచ్చి, పది మీటర్లకు పైగా ఎత్తున ‘షాదెన్’ అనే కొయ్య మందిరాన్ని వాళ్లే కడతారు. 15వ తేదీ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి, పైన ఉన్నవారు తాళ్లు బిగిస్తూ ఉంటే కింద మరికొందరు ఎండు కొమ్మలను అందిస్తున్నారు. ఇంత శ్రద్ధగా కట్టినది తెల్లవారేసరికి బూడిద అవుతుందని తెలిసి కూడా ఒక్క ముడినీ వదులుగా వేయడం లేదు.

చీకటి పడ్డాక ఊళ్లోని ఒక పాత ఇంట్లో చెకుముకి రాయితో పుట్టించిన నిప్పును పెద్ద కాగడాతో మైదానానికి మోసుకొచ్చారు. 42 ఏళ్లవారు షాదెన్ పైకెక్కి కూర్చుని పాట అందుకున్నారు. 25 ఏళ్లవారు కింద తాళ్లు పట్టుకుని, చేతుల్లో పచ్చి కొమ్మలతో వరుసగా నిలబడ్డారు. ఊరివాళ్లు కాగడాలు పట్టుకొని ఆ మందిరాన్ని అంటించడానికి మీద పడతారు, వీళ్లు అంటనివ్వరు. మొదట తండ్రుల చేతులు పట్టుకొని పిల్లలు వచ్చారు. తరువాత పెద్దలు, అప్పుడిక ఆటలా లేదు. నాకు పది అడుగుల దూరంలో ఒక కుర్రవాడు వీపును మందిరానికి ఆనించి, ముఖం మీదికి వస్తున్న కాగడాను కొమ్మతో కొట్టి ఆర్పాడు. కొమ్మ ఆకులన్నీ మాడి ఉత్త పుల్ల మిగిలితే దాన్ని పారేసి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి ఇంకొకటి అందుకున్నాడు. అతని ముఖం మసిలో, చెమటలో కళ్లు తప్ప కనిపించలేదు. పోరాటం గంటన్నర సాగింది. మన వీధి మంటకు ఎవరూ అడ్డుపడరని చెప్పాను కదా, ఇక్కడ ఊరికి రావలసిన గండానికి ముందుగా కొందరు తమ ఒళ్లు అడ్డుపెట్టి, ఆ తరువాతే నిప్పుకు దారి ఇస్తున్నారని అక్కడ నిలబడి చూస్తేనే నాకు అర్థమైంది.

ఎవరో నా చేతిలో చిన్న కప్పు పెట్టి సాకే అనే బియ్యపు సారా పోశారు. ఏ దేశమని అడగలేదు.

చివరికి రెండు పక్షాలూ కలిసి చప్పట్లు కొట్టి పోరు ముగించారు, పైనున్నవారు దిగారు, షాదెన్ అంటుకుంది. తొలి మగబిడ్డ పుట్టిన ఇళ్లవారు నిలబెట్టిన ఎత్తైన దీపస్తంభాలు పక్కనే ఉన్నాయి. వాటికి బంధువులు కుంచెతో రాసి ఇచ్చిన కాగితాలు వేలాడుతున్నాయి. ఆ స్తంభాలను కూడా మంటకు అర్పించారు. ఒక కాగితం కాలుతూ పైకి లేచింది, నల్లటి అక్షరాలు ఒక్క క్షణం ఎర్రగా మెరిసి పోయాయి. పక్కన ఒక తాతగారు చేతులు జోడించి ఉన్నారు.

మర్నాడు ఉదయం నిప్పుల మీద ఊరివాళ్లు మోచి అనే జిగురు బియ్యపు ముద్దలు కాల్చుకుంటూ ఉండగా, నేను వేడి ఊటనీటి స్నానశాలకు వెళ్లాను. అలాంటివి ఆ ఊళ్లో 13 ఉన్నాయి, అన్నింటినీ ఊరివాళ్లే కడిగి చూసుకుంటారు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. తొట్టెలో ఒక్క యువకుడే ఉన్నాడు; కనుబొమలు సగం కాలిపోయి, నుదుటి మీద బొబ్బ లేచింది. నేను కాలు పెట్టి, వేడి తాళలేక వెనక్కి తీసుకున్నాను. అతను కళ్లు తెరిచి చూసి, మెల్లగా లేచి వచ్చి, చన్నీళ్ల కుళాయి తిప్పి, నేను మెడదాకా దిగేంతవరకు దాని మీద చెయ్యి తీయకుండా పక్కనే నిలబడ్డాడు.