ప్లస్ ఫోర్ మీద ప్లస్ ఫోర్ వేయకండి

మా అమ్మమ్మ వాళ్ళింట్లో పేకాట ఆడకూడదు. తాతయ్య వాళ్ళ అన్నయ్య పేకాటలో పొలం పోగొట్టుకున్న దగ్గర్నుంచి ఆ ఇంట్లోకి పేక రాలేదు. ఊనో మాత్రం పిల్లల ఆట కదా అని వచ్చేసింది. కింద పడ్డ ముక్కతో రంగు గానీ అంకె గానీ కలిసే ముక్క వేస్తూ, చేతిలోవి ముందు అయిపోగొట్టినవాళ్ళు గెలుస్తారు. ఇప్పుడు సంక్రాంతికి అందరం చేరితే ఎనభై దాటిన అమ్మమ్మ కూడా ఏడు ముక్కలు పట్టుకుని కూర్చుంటుంది. తనకి ఇంగ్లిష్ రాదు కానీ అంకెలూ రంగులూ తెలిస్తే ఈ ఆటకి చాలు. చేతిలో ఒక్క ముక్క మిగిలితే మేం 'ఊనో' అంటాం, తను 'ఒకటి' అంటుంది. స్పానిష్‌లో ఊనో అంటే ఒకటే కాబట్టి అది చెల్లుతుందని అందరం ఒప్పుకున్నాం.

నేను చెప్పాలనుకున్నది ప్లస్ ఫోర్ గురించి, అంటే తర్వాతివాళ్ళ చేత కట్టలోంచి నాలుగు ముక్కలు తీయించే ముక్క గురించి. చాలా ఇళ్ళలో లాగే మా ఇంట్లోనూ ప్లస్ ఫోర్ మీద ఇంకో ప్లస్ ఫోర్ వేసి పక్కవాళ్ళ మీదకి తోసేసేవాళ్ళం. పోయిన సంక్రాంతికి నాలుగు ప్లస్ ఫోర్లూ వరసగా పడి, మొత్తం పదహారు ముక్కలు మా పిన్ని కొడుక్కి వచ్చాయి. ఎనిమిదేళ్ళ పిల్లాడు, అన్ని ముక్కలు చేతిలో పట్టడం లేదు, ఒళ్ళో పరుచుకుని కాసేపు చూసి 'నేను ఆడను' అని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఆ రాత్రంతా బాధగానే ఉంది. మర్నాడు డబ్బాలో ఉన్న రూల్స్ కాగితం తీసి మొదటిసారి పూర్తిగా చదివాను.

అసలు రూల్ వేరు. ప్లస్ ఫోర్ పడితే తర్వాతి మనిషి నాలుగు తీసుకుని ఆ వంతు వదులుకోవాలి, అంతే. దాని మీద ఇంకోటి వేయడానికి లేదు, 2019లో కంపెనీ వాళ్ళు ట్విట్టర్‌లో కూడా ఇదే చెప్పారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది: నడుస్తున్న రంగు ముక్క మన చేతిలో ఒక్కటున్నా ప్లస్ ఫోర్ వేయకూడదు. అయినా వేశారని పక్కవాళ్ళకి అనుమానం వస్తే ఛాలెంజ్ చేయొచ్చు, అప్పుడు చేతిలో ముక్కలు వాళ్ళకి చూపించాలి. దొంగాట బయటపడితే వేసినవాళ్ళే నాలుగు తీసుకోవాలి. లేదంటే ఛాలెంజ్ చేసినవాళ్ళకి నాలుగు కాదు, ఆరు. అంటే ఎవరి దగ్గర ఏ రంగు అయిపోయిందో గుర్తుపెట్టుకోవాలి, మొహాలు చూడాలి. ఇంత మంచి ఆటని మేం ఇన్నేళ్ళూ వదిలేసుకున్నాం.

ఊనో పుట్టిందే రూల్స్ తగాదాలోంచి అంటారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి పక్కన రీడింగ్ అనే ఊళ్ళో మెర్ల్ రాబిన్స్ అని ఒక మంగలి. క్రేజీ ఎయిట్స్ అనే పేకాట రూల్స్ మీద ఆయనకీ కొడుక్కీ వాదన వచ్చి, దాంట్లోంచి 1971లో ఈ ఆట తయారుచేశాడు. 8,000 డాలర్లు పెట్టి 5,000 సెట్లు అచ్చు వేయించి ముందు తన షాపులోనే అమ్మాడు. తర్వాత హక్కులు వేరేవాళ్ళకి అమ్మేశాడు, 1992 నుంచి అది మాటెల్ కంపెనీది.

ఈ సంక్రాంతికి నేను పట్టుబట్టి అసలు రూల్స్‌తోనే ఆడించాను, నోటుపుస్తకంలో పాయింట్లు కూడా రాశాం. గెలిచినవాళ్ళకి మిగతావాళ్ళ చేతుల్లో మిగిలిన ముక్కల పాయింట్లన్నీ వెళ్తాయి, అంకెల ముక్కకి దాని మీద ఎంతుంటే అంత, స్కిప్, రివర్స్, ప్లస్ టూ అనే ప్రత్యేక ముక్కలకి 20, ప్లస్ ఫోర్‌కి 50, అలా ముందు 500 చేరినవాళ్ళది ఆట. దాంతో ప్లస్ ఫోర్‌ని చివరిదాకా దాచుకోవడానికి అందరికీ భయం పట్టుకుంది.

రెండో రాత్రి నీలం నడుస్తుంటే పిన్ని కొడుకు ప్లస్ ఫోర్ వేశాడు. పక్కన మావయ్య, ఆలోచించకుండా ఛాలెంజ్ అన్నాడు. వాడు ముక్కలు తిప్పి చూపించాడు, రెండు ఎరుపు, ఒక పసుపు. మావయ్య ఆరు తీసుకుంటుంటే అమ్మమ్మ, 'ఇందాక నీలం పడ్డప్పుడు వాడు కట్టలోంచి తీసుకున్నాడు కదరా, చూళ్ళేదా?' అంది. పిల్లాడు అప్పటికే మావయ్య ముక్కలు లెక్కపెడుతున్నాడు.