మైకులో చెప్పిన హాజరు

కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటలో, రెండో సగంలో ఎప్పుడో, టైమౌట్‌కి ఆట ఆగినప్పుడు, మైకులో ఒక అంకె చదువుతారు. ఈ రోజు హాజరు ఇంత అని. చప్పట్లు కొట్టేవాళ్లు కొడతారు, పాప్‌కార్న్ తినేవాళ్లు తింటూనే ఉంటారు. 2022 చలికాలంలో ఆ అంకె వల్ల ఒక రాత్రంతా మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మా అమ్మాయి ఆ ఏడే షికాగోలోని లొయోలా యూనివర్సిటీలో చేరింది. స్కూల్లో ఉన్నప్పటి నుంచి ట్రంపెట్ వాయించేది కాబట్టి కాలేజీ పెప్ బ్యాండ్‌లో చేరింది. బాస్కెట్‌బాల్ ఆటలకి ఒక మూల కూర్చుని, ఆట ఆగినప్పుడల్లా వాయించి జనాన్ని లేపే బ్యాండ్ అది. మేం మురిసిపోయి రెండు సీజన్ టికెట్లు కొన్నాం. మొదటి రెండు ఆటలకీ వెళ్లాం. తర్వాత మానేశాం. మేం ఉండేది నేపర్‌విల్‌లో. అక్కడికి దాదాపు నలభై మైళ్లు. మంచు, ట్రాఫిక్, పైగా వారం మధ్యలో రాత్రి ఆట. అదే సమయానికి నాకు హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉండేది. టికెట్లు ఫోన్లో అలాగే ఉండిపోయాయి.

ఆ రాత్రి ఆట అయ్యాక ఫోన్ చేసింది. "నాన్నా, ఈ రోజు అటెండెన్స్ చెప్పారు కదా, అందులో నువ్వూ అమ్మా ఉన్నారు. బ్యాండ్ లీడర్ చెప్పాడు, టికెట్ ఇచ్చిన వాళ్లందర్నీ లెక్కేస్తారంట. మీ సీట్లు నాకు ఎదురుగానే కనపడతాయి. ఖాళీగా ఉన్నాయి."

ఏమనాలో తెలియక "గెలిచారా?" అని అడిగాను.

"లేదు. మేం ఓడిపోయాం" అంది.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ 'మనం'కీ 'మేము'కీ తేడా తెలిసేది కాదు. ఇక్కడ పుట్టిన పిల్లల్లో ఇది చాలామందికి ఉంటుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కదా. "నాన్నా, మనం స్కూల్లో ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లాం" అనేది. ఆదివారం తెలుగు బడిలో టీచరుగారు ఎన్ని వాక్యాలు రాయించారో. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. అన్నేళ్లూ తప్పు చెప్పిన పిల్ల, ఆ రాత్రి సరిగ్గా చెప్పింది. నేను వినేవాణ్ణి. నన్ను కలుపుకోలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి ఇంకొకటుంది. పదహారో ఏట తనకి కూచిపూడి రంగప్రవేశం చేశాం. ఆర్నెల్ల ముందే హాలు మాట్లాడాం, నాలుగు వందల మందిని పిలిచాం, భోజనాల ప్లేట్లు లెక్కపెట్టుకున్నాం. మర్నాడు విజయవాడ నుంచి మా అమ్మ ఫోన్ చేసి మనవాళ్లు ఎప్పుడూ అడిగేదే అడిగింది: "జనం బాగా వచ్చారా?" బాగా వచ్చారమ్మా అని ఛాతీ విరుచుకుని చెప్పాను. నాట్యం తనకి ఇష్టమే. కానీ అది మేం ఎంచి పెట్టింది. ట్రంపెట్ తను ఎంచుకున్నది. మేం ఎంచిన దానికి నాలుగు వందల మందిని పోగు చేశాం. తను ఎంచుకున్న దానికి మేమిద్దరం కూడా కూర్చోలేదు.

నేను చదివింది విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో. అదీ ఇదీ జెసూట్ ఫాదర్లవే. ఇక్కడి లొయోలా 1870 నాటిది, మాది 1953లో మొదలైంది. నాన్నగారు ఫీజు కట్టడానికి తప్ప మా కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చిన గుర్తు లేదు. ఆయన ప్రేమలో లోటు ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. కాలేజీ అంటే పిల్లవాడు వెళ్లేచోటు, తల్లిదండ్రులు పంపేచోటు. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరన్న బెంగ మాది, మా నాన్నది కాదు. ఇక్కడ అలా కాదు. ఈ పిల్లలు ప్రేక్షకుల వైపు చూస్తారు. పక్కపిల్ల తల్లి మిన్నెసోటా నుంచి వచ్చి కూర్చుంటుంది. మనం నేర్చుకున్న ప్రేమలో ఈ పాఠం లేదు. లేదని చెప్పి వదిలేస్తే పిల్లకి అర్థం కాదు.

తర్వాతి ఆటకి కాల్ మానేసి వెళ్లాం. లేక్ షోర్ డ్రైవ్ మీద ఉత్తరానికి పోయి, అది అయిపోయాక షెరిడన్ రోడ్డు పట్టుకుంటే ఎడమ వైపు డెవాన్ ఎవెన్యూ మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా డెవాన్‌కి వెళ్తున్నాం. కంది పప్పు, గోంగూర, పండక్కి చీరలు, బంగారం అన్నీ అక్కడే. పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు పెట్టింది కూడా 1974లో ఆ వీధిలోనే. కానీ ఎప్పుడూ పడమటి వైపు నుంచి వచ్చి, మన దుకాణాల దగ్గర ఆగి, అటే వెనక్కి పోయేవాళ్లం. అదే వీధి ఇంకాస్త తూర్పుకి వెళ్తే లొయోలా క్యాంపస్, దాని వెనక మిషిగన్ సరస్సు అని అన్నేళ్లూ మాకు తెలియదు.

జెంటైల్ అరీనా చిన్నది. ఐదు వేలకి లోపే పడతారు. ఆ సీజన్లో అది కూడా నిండేది కాదు. లొయోలా అప్పుడే మిస్సోరి వ్యాలీ అనే కాలేజీ లీగు వదిలి అట్లాంటిక్ 10 అనే ఇంకా గట్టి లీగులో చేరింది. ఆ ఏడు పది గెలిచి ఇరవై ఒకటి ఓడిపోయింది. నాలుగేళ్ల ముందు, 2018లో, ఇదే జట్టు పెద్దగా ఆశల్లేని పదకొండో సీడ్‌గా జాతీయ టోర్నమెంటుకి వెళ్లి మయామీని రెండు పాయింట్లతో, టెనెసీని ఒక్క పాయింటుతో, నెవాడాని మళ్లీ ఒక్క పాయింటుతో ఓడించి ఫైనల్ ఫోర్ దాకా, అంటే చివరి నాలుగు జట్ల దాకా వెళ్లింది. అప్పుడు ఊరంతా లొయోలా రంగులే, మెరూన్, బంగారు రంగు మఫ్లర్లే. ఆ ఊరే ఇది.

ఇంత పెద్ద నగరంలో కాలేజీ ఆటకి జనం ఎందుకు రారు? పక్క సీటు పెద్దాయనని అడిగాను. లొయోలాలోనే చదివి, ఏళ్ల తరబడి ఆ వరుసలోనే కూర్చుంటున్న మనిషి. నగరం పెద్దది కాబట్టే రారు అన్నాడాయన. క్యాన్సస్ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ లక్ష జనాభా కూడా లేని ఊరు. అక్కడి హాల్లో పదిహేను వేల మందికి పైగా పడతారు, ప్రతి ఆటకీ నిండుతుంది. ఎందుకంటే చలికాలంలో ఆ ఊరికి వేరే పండగ లేదు. మన ఇల్లినాయిస్‌లోనే, యూనివర్సిటీ ఊరు షాంపేన్ అంతే. షికాగోలో బుల్స్ అనే ప్రొఫెషనల్ జట్టు ఉంది, యునైటెడ్ సెంటర్లో ఇరవై వేల సీట్లున్నాయి. హాకీ ఉంది, నాటకాలున్నాయి, ఇంట్లో టీవీ ఉంది. కాలేజీ జట్లే లొయోలా, డిపాల్, యూఐసీ (ఇల్లినాయిస్ యూనివర్సిటీ షికాగో శాఖ), షికాగో స్టేట్, పక్కనే ఎవాన్‌స్టన్‌లో నార్త్‌వెస్టర్న్. ఊరు మొత్తం ఏ ఒక్క కాలేజీదీ కాదు.

డిపాల్ సంగతి ఆయన చెప్పిన తీరు నాకు బాగా గుర్తు. ప్రత్యర్థి కాలేజీ అయినా జాలిగా చెప్పాడు. రే మేయర్ అనే కోచ్ 1942 నుంచి 1984 దాకా అక్కడే ఉన్నాడట. జార్జ్ మైకన్ అనే మేటి ఆటగాణ్ణి తయారు చేసింది ఆయనే. 1979లో ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లాడు. ఆ ఊపులో 1980లో జట్టు క్యాంపస్ వదిలి విమానాశ్రయం దగ్గరి రోజ్‌మాంట్‌లో పెద్ద హాలుకి మారింది. గెలిచినంతకాలం జనం అక్కడికీ వచ్చారు. ఓటములు మొదలయ్యాక, హాస్టల్ పిల్లలు చలిలో అంతదూరం రావడం మానేశారు. 2017లో మెకార్మిక్ ప్లేస్ అనే ఎగ్జిబిషన్ హాళ్ల పక్కన పదివేల పైచిలుకు సీట్లతో కొత్త వింట్రస్ట్ అరీనాకి వచ్చారు. అదీ క్యాంపస్‌కి దూరమే. (మేం మాట్లాడుకున్న తర్వాతి సీజన్లో, 2023-24లో, డిపాల్ మూడే గెలిచి ఇరవై తొమ్మిది ఓడింది.) "హాలు కొత్తదైతే చాలదు. పిల్లలు నడిచి రాగలగాలి" అన్నాడాయన. లొయోలా పిల్లలు హాస్టల్ నుంచి నడిచే వస్తారు. మేం మాత్రం నలభై మైళ్ల అవతల ఇల్లు కట్టుకున్నాం.

ఆ పెద్దాయనే గోడ మీది 1963 ఫొటోల కథ చెప్పాడు. ఇల్లినాయిస్ మొత్తంలో పురుషుల బాస్కెట్‌బాల్‌లో పై స్థాయి (డివిజన్ 1) జాతీయ టోర్నమెంటు టైటిల్ గెలిచిన కాలేజీ లొయోలా ఒక్కటే, అది ఆ ఏడే. నల్లజాతి ఆటగాళ్లని ఒకరిద్దరికి మించి దింపకూడదన్న అలిఖిత కట్టుబాటు ఉన్న రోజుల్లో, లొయోలా నలుగురితో మొదలుపెట్టేది. టోర్నమెంటులో ఎదురుపడింది మిసిసిపీ స్టేట్. నల్లవాళ్లున్న జట్టుతో వాళ్లు ఆడకుండా కొందరు కోర్టు ఉత్తర్వు తెచ్చారు. అది చేతికి అందేలోపే ఆ జట్టు రాష్ట్రం దాటి వచ్చేసింది. ఆటకి ముందు లొయోలా కెప్టెన్ జెర్రీ హార్క్‌నెస్, అవతలి కెప్టెన్ జో డాన్ గోల్డ్ చేతులు కలిపారు. ఆ ఫొటో అది. ఫైనల్లో సిన్సినాటిని అదనపు సమయంలో 60-58తో ఓడించారు, ఆ ఐదుగురే మొదటి నుంచీ చివరిదాకా ఆడారు, ఒక్కరిని కూడా మార్చలేదు.

నేను ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాను. రెండేళ్ల తర్వాత, 1965లో, దేశాన్ని బట్టి కోటా పెట్టే వలస చట్టం పోయింది. నల్లజాతి వాళ్లు పౌరహక్కుల కోసం కొట్లాడుతున్న ఆ రోజుల్లోనే ఆ చట్టమూ మారింది. నావంటివాడు ఈ దేశానికి ఉద్యోగానికి రావడానికి దారి పడింది అప్పుడే. నా కూతురు రోజూ దాటిపోయే గోడ మీద నా కథ మొదలు కూడా ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి వస్తూ కారులో తనకి ఇది చెప్పాను. "ఇదంతా నాకు తెలుసు నాన్నా, ఫస్ట్ వీక్‌లోనే చెప్పారు. నీకు తెలియదనుకోలేదు" అంది.

ఖాళీ హాలులో ఒక లాభం ఉంది. పాతిక మంది వాయిస్తున్నా, కొన్నాళ్లకి అందులో మా అమ్మాయి ట్రంపెట్ నాకు విడిగా వినపడేది. ఒక స్వరం దగ్గర కొంచెం ముందుగా ఎత్తుకుంటుంది, ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా అంతే. మా ఆవిడ "అదిగో" అని మోచేత్తో పొడిచేది.

మరుసటి ఏడు మా అమ్మ విజయవాడ నుంచి వచ్చింది. చలికాలం వద్దన్నా వినలేదు, మనవరాలి బ్యాండ్ చూడాలంది. రెండు స్వెటర్ల మీద శాలువా కప్పి, చీర కింద మేజోళ్లు తొడిగి తీసుకెళ్లాం. కోర్టు అంచున చక్రాల కుర్చీలో సిస్టర్ జీన్ అనే క్రైస్తవ సన్యాసిని ఉన్నారు. అప్పటికి నూట నాలుగేళ్లు. 1994 నుంచి జట్టుకి చాప్లిన్, అంటే ఆధ్యాత్మిక మార్గదర్శి. ఆటకి ముందు ప్రార్థన చేయిస్తారు, అందులోనే అవతలి జట్టులో ఎవర్ని కాచుకోవాలో కూడా చెప్తారని పేరు. మెరూన్ మఫ్లర్, మడమ మీద తన పేరు కుట్టిన బూట్లు. ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వంగి పలకరించి వెళ్తున్నారు.

"ఆవిడ ఎవరి నాయనమ్మరా?" అంది అమ్మ.

"అందరికీను" అంది మా అమ్మాయి, నేను నోరు తెరిచేలోపే.

అమ్మకి ఆట నియమాలు తెలియవు. నూట నాలుగేళ్ల మనిషి ఇంత చలిలో వచ్చి కూర్చుందంటే అది ఊరికే వచ్చే చోటు కాదని మాత్రం అర్థమైంది. ఆ సీజన్లో ఇంటి దగ్గర ఆట ఉన్నప్పుడల్లా మాకంటే ముందు తనే తయారై తలుపు దగ్గర నిలబడేది.

ఆ ఏడు లొయోలా రిచ్‌మండ్‌తో కలిసి అట్లాంటిక్ 10లో మొదటి స్థానంలో నిలిచింది. ఫిబ్రవరి దాటేసరికి హాలు నిండటం మొదలైంది. రెడ్ లైన్ రైలు దిగి జనం వరదలా వచ్చేవారు. చాలా సంతోషం. కానీ ఆ రాత్రుళ్లు మా అమ్మాయి ట్రంపెట్ ఏదో పోల్చుకోలేకపోయాను. కార్లో కూర్చోగానే "మనం గెలిచాం నాన్నా" అంది. అమ్మ వెనక సీట్లోంచి "అవునే, గెలిచాం" అంది.

2025 అక్టోబరులో సిస్టర్ జీన్ పోయారు, నూట ఆరేళ్ల వయసులో. లొయోలా రెడ్ లైన్ స్టేషన్ ముందున్న ప్లాజాకి బతికుండగానే ఆవిడ పేరు పెట్టారు. ఆ రోజు అక్కడ పువ్వులు పెట్టి వచ్చానని అమ్మాయి ఫోటో పంపింది. దాన్ని అమ్మకి పంపితే, అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మా అమ్మాయికి ఇది చివరి సీజన్. మొన్న వారం మధ్యలో ఆట. బయట మంచు, లోపల మళ్లీ పలచగా ఉంది. మైకులో హాజరు చదివిన కాసేపటికి విజయవాడ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ తెల్లారింది, అమ్మ చేతిలో కాఫీ గ్లాసు.

"జనం బాగా వచ్చారా?"

మైకులో విన్న అంకె చెప్పాను.

"అది కాదురా, టికెట్ల లెక్క నాకెందుకు. కూర్చున్నవాళ్లు ఎంతమంది?"

ఫోన్ కెమెరా బ్యాండ్ వైపు తిప్పి మా ఆవిడ చేతికిచ్చాను. లేచి నిలబడి, మా వరుస నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.