పాపిటకు సరిపడా జుట్టు

2024 మార్చి మూడో వారంలో మొదలై జూలై మొదటి వారం దాకా నన్ను మంచాన పడేసిన జబ్బుకు వైద్యులు చెప్పే పేరు హైపరెమెసిస్ గ్రావిడారమ్. మా కావలిలో దానికి వేరే పేరు లేదు. పొద్దున పూట కాస్త వికారంగా ఉండి ఊరగాయ ముక్క నాలుకకు రాసుకుంటే తగ్గిపోయేదాన్నీ, రోజుకు ఇరవై సార్లు వాంతులై చివరికి పసరు, ఆ పసరులో నెత్తుటి చారలు పడేదాన్నీ కూడా వేవిళ్ళనే అంటారు. ఆ ఒక్క మాట వల్లనే నాకు మొదటి మూడు వారాలు సరైన వైద్యం అందలేదని ఇప్పటికీ నమ్ముతున్నాను. మొదట చూపించుకున్న చోట డాక్టరమ్మ నేను చెప్పేది సగంలోనే ఆపి, వేవిళ్ళు అందరికీ ఉండేవేనని, ఓర్చుకోవాలని చెప్పి పంపించారు. అప్పటికే నేను 58 కిలోల నుండి 54 కిలోలకు దిగిపోయాను. గర్భానికి ముందున్న బరువులో నూటికి 5 పాళ్ళకు మించి తగ్గి, తిండి లేక ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు మూత్రంలో కూడా కనబడుతుంటే అది ఓర్పుతో గడిచే విషయం కాదు.

ఏప్రిల్ మొదట్లో నన్ను నెల్లూరు తీసుకువెళ్ళారు. కారులో యాభై కిలోమీటర్లకు పైగా దారి. పెన్నా వంతెన ఎక్కేసరికి నాకు తల ఎత్తే శక్తి కూడా లేదు. అక్కడి డాక్టరు గారు ముందుగా థయమిన్, అంటే విటమిన్ బి1 ఇంజక్షను ఇచ్చి, ఆ తరువాతనే గ్లూకోజు ఎక్కించారు. రోజుల తరబడి తిండి లేని మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ప్రమాదమని ఆమె చెప్పినప్పుడు, నా మాట వినే చోటికి వచ్చానన్న ధైర్యం కలిగింది. మాయ నుండి జీడీఎఫ్ 15 అనే హార్మోను వెలువడుతుందని, గర్భానికి ముందు అది ఒంట్లో తక్కువగా ఉన్నవారికి వికారం ఎక్కువగా వస్తుందని 2023 డిసెంబరులో పరిశోధకులు ప్రకటించిన సంగతి కూడా ఆమె ద్వారానే విన్నాను. మనసు దిటవు లేకనే నీకిట్లా అవుతోందని అప్పటి వరకు నలుగురూ అన్న మాటలు ఆ రోజుతో నాలో నుండి కొంత కడుక్కుపోయాయి. మే నెల సగానికి వచ్చేసరికి మూడు సార్లు ఆస్పత్రిలో చేరాను. బరువు 51 కిలోలు.

ఇక జుట్టు. నాకు నడుము దాటి ఉండేది. ఆదివారం పూట అమ్మ కొబ్బరినూనె పట్టించి, కుంకుడుకాయ రసంతో తలంటి, సాంబ్రాణి పొగ వేసి పెంచిన జుట్టు అది. ఆ మూడు వాసనలే నాకు అన్నిటికంటే ముందు పడకుండా పోయాయి. అన్నం ఉడికే వాసన, తిరగమోత వాసన నా దాకా రాకుండా తలుపు వేసుకోగలిగాను. చేపల పులుసు మా ఇంట్లో నాలుగు నెలలు వండనే లేదు. కానీ నా తలనే అంటిపెట్టుకుని ఉన్న వాసనకు ఏ తలుపూ అడ్డం పెట్టలేకపోయాను. వాంతి వచ్చినప్పుడు ముందుకు వంగితే జడ బేసినులో పడేది. కడగాలంటే మళ్ళీ వంగాలి, వంగితే మళ్ళీ వాంతి. ఎట్లాగో తడిపినా ఆ తడి బరువుకు మెడ నిలిచేది కాదు. ఆరడానికి మూడు గంటలు పట్టేది. నూనె లేక, దువ్వెన తగలక, రోజంతా దిండుకు రాసుకుని మెడ వెనుక అరచేయంత మేర అట్ట కట్టింది. తడిమితే కొబ్బరి పీచులాగా తగిలేది. అందులో వేలు దూరేది కాదు. ఒక్కొక్క పాయనూ విడదీయాలని అత్తమ్మ కూర్చున్న మధ్యాహ్నం, పది నిమిషాలకే నా కళ్ళలో నీళ్ళు తిరిగి, ఆ వెంటనే కడుపులో తిప్పింది.

జుట్టు తీసేద్దామన్న మాట మొదట అన్నది అత్తమ్మే. ఆమె ముప్పై ఏళ్ళుగా ఇంట్లో జాకెట్లు కుడుతున్నారు. పాడైన చోట గుడ్డను ఎంత వరకు కత్తిరించాలో చూపుతోనే చెప్పగలరు. "అమ్మణ్ణీ, ఇది చిక్కు తీస్తే వచ్చేది కాదు. నీకు బాగయ్యాక జుట్టు అదే వస్తుంది" అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్న ఆడదాని తలకు కత్తెర తగిలితే బిడ్డ ఆయుష్షు తరుగుతుందని ఆమె చిన్నప్పటి నుండి విన్నది. భార్య గర్భవతిగా ఉండగా భర్త క్షౌరం చేయించుకోకూడదని, శవాన్ని మోయకూడదని, సముద్రస్నానం చేయకూడదని మా ఇళ్ళలో పాటిస్తారు. మా ఆయన అప్పటికే తల, గడ్డం పెంచుతున్నారు. స్నేహితులు పిలిచినా తుమ్మలపెంట సముద్రానికి వెళ్ళడం మానుకున్నారు. భర్తకే లేని కత్తెర భార్యకు ఎట్లా పెడతారని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. దాని వెనుక ఇంకో భయం కూడా ఉందని నాకు తెలుసు. అమ్మ చిన్నతనంలో, భర్త పోయిన వాళ్ళ మేనత్తకు తల తీయించడం ఆమె కళ్ళారా చూసింది. ఆమె మనసులో ఆడదాని తలపై కత్తెర అంటే అదే.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీనుతో ఏర్పడిందని, కుదుళ్ళలో తప్ప బయట కనిపించే భాగంలో జీవకణం ఉండదని, అందుకే కత్తిరిస్తే నొప్పి ఉండదని ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. అయినా వారం రోజులు నిర్ణయం తీసుకోలేకపోయాను. కారణం నమ్మకం కాదు. అంతకు ముందు సంవత్సరం తొమ్మిదో వారంలో నాకు ఒక గర్భం పోయింది. అప్పుడు నేను బస్సు ఎక్కినందుకని ఒకరు, బొప్పాయి తిన్నానని ఒకరు అన్నారు. నేను కూడా రాత్రిళ్ళు ఆ బస్సు ప్రయాణాన్ని ఎన్ని సార్లు తలచుకున్నానో లెక్క లేదు. ఇప్పుడు జుట్టు తీయించుకున్నాక ఏదైనా జరిగితే, అందరికంటే ముందు నేనే ఆ కత్తెరను నిందిస్తానని భయపడ్డాను. చదువు ఆ భయాన్ని తీసివేయలేదు.

డాక్టరు గారికి ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను, కానీ చెప్పాను. ఆమె తేలికగా తీసుకోలేదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో పెద్ద భాగం క్రోమోజోముల లోపం వల్లనే పోతాయని, అది తల్లి చేతిలో ఉన్న విషయం కాదని వివరించి, "జుట్టు కత్తిరిస్తే బిడ్డకు ఏమీ కాదమ్మా. నువ్వు నాలుగు ముద్దలు తిని, ఆరు గంటలు నిద్రపోతే బిడ్డకు మేలు. జుట్టు ఆ రెంటికీ అడ్డమవుతోందా అన్నది నువ్వే చూసుకో" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కారులో తిరిగి వస్తుండగానే మా ఆయనతో నిశ్చయంగా చెప్పాను: రేపు ఏది జరిగినా దాన్ని ఈ జుట్టుకు ముడిపెట్టకూడదు, నువ్వూ పెట్టకూడదు, నేనూ పెట్టను. ఆయన సరేనన్నారు. ఆ మాట తీసుకున్నాకనే నాకు ధైర్యం వచ్చింది.

భుజాల వరకు ఉంచుదామని అమ్మ చివరి ప్రయత్నంగా అడిగింది. భుజాల వరకు ఉన్న జుట్టు కూడా వంగితే బేసినులోనే పడుతుంది. పైగా అట్ట కట్టింది మెడ దగ్గర. గుండు అక్కరలేదనుకున్నాను. అమ్మ చూసిన మేనత్త తల ఆమెకు మళ్ళీ కనపడకూడదని కూడా ఒక కారణం. రెండు అంగుళాలు ఉంచడానికి నిశ్చయించుకున్నాం. ఊళ్ళో ఒక బ్యూటీపార్లర్ అమ్మాయిని ఇంటికి పిలిపిస్తే, నా కడుపు సంగతి తెలియగానే, "నా చేత్తో వద్దు మేడమ్, రేపు ఏమన్నా అయితే నన్నంటారు" అని వెళ్ళిపోయింది. నా భయమే ఆమెది కూడా కాబట్టి నాకు కోపం రాలేదు.

రోహిణీ కార్తె మొదలైన మూడో రోజు, పదహారో వారంలో, అత్తమ్మే కుట్టు కత్తెర తీసుకున్నారు. నన్ను మంచం అంచున, ఒళ్ళో బేసినుతో కూర్చోబెట్టారు. అట్టకు పైన ఒకచోట, కింద జడ కొసన ఒకచోట ఎర్ర దారంతో గట్టిగా కట్టారు. టేపు పెట్టి తల చుట్టూ రెండు అంగుళాలు కొలిచి, జాకెట్టు గుడ్డ మీద గీసినట్టుగా వేలితో గీత చూపించారు. జడ ఒక్క కోతకు తెగలేదు. కత్తెర ఏడెనిమిది సార్లు కరకరమంది. ప్రతిసారీ చెవుల వెనుక చర్మం లాగినట్లయి, ఆ వెంటనే వదులైంది. తెగిన జడను ఆమె కింద పడనీయలేదు. ఎడమచేత్తో పట్టుకుని, తెల్ల పంచె ముక్కలో చుట్టి, వేపాకు వేసి బీరువాలో పెట్టారు. అమ్మ అంతసేపూ గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడింది. పని అయ్యాక వచ్చి నా మెడ మీద పడ్డ వెంట్రుకలను కొంగుతో ఒక్కొక్కటిగా దులిపింది.

వాంతులు దానితో తగ్గలేదు. జుట్టు తీస్తే జబ్బు పోతుందని ఎవరైనా అనుకుంటారేమోనని ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆ వారంలో కూడా రోజుకు పన్నెండు, పదమూడు సార్లు అయ్యాయి. మారింది ఒక్కటే: తల కడగడం అయిదు నిమిషాల పనైపోయింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే అత్తమ్మ చెంబుతో నీళ్ళు పోసి, వాసన లేని సబ్బు రాసి, తువాలుతో ఒత్తేవారు. దిండు తడిసేది కాదు, నా వాసన నాకు తగిలేది కాదు. కత్తిరించిన రాత్రే నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. మార్చి తరువాత అంతసేపు నిద్రపోవడం అదే మొదలు.

చూడడానికి వచ్చినవాళ్ళు, "కొండకు ఇచ్చావా?" అని అడిగేవారు. తిరుమలలో మూడు కత్తెరలు ఇచ్చారేమో, మొక్కు ఏదో ఉందేమో అని వాళ్ళ ఊహ. అవునంటే సంభాషణ అక్కడితో ముగిసేది. అత్తమ్మ మాత్రం ఒక్కసారి కూడా అవునని అనలేదు. జబ్బు చేసి కడుక్కోలేకపోతే మేమే తీసేశామని చెప్పేవారు. దేవుడికి ఇచ్చిన జుట్టుకు దొరికే గౌరవం జబ్బుకు ఇచ్చిన జుట్టుకు దొరకదని వాళ్ళ ముఖాల్లో నాకు కనిపించేది, బాధగా ఉండేది.

ఈ జబ్బు చాలామందికి ఇరవయ్యో వారం నాటికి సర్దుకుంటుంది. కొందరికి కాన్పు దాకా ఉంటుంది. నాకు ఇరవై ఒకటో వారంలో తెరిపి ఇచ్చింది. ముందుగా బొరుగులు, ఉప్పు వేసిన గూడూరు నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ తేట నిలిచాయి. జూలైలో ఒకరోజు అన్నం, చింతకాయ పచ్చడి కావాలని అడిగితే అత్తమ్మ పళ్ళెం పెట్టి నా ఎదురుగానే కూర్చున్నారు. తిన్నాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఏమీ కాలేదు.

శ్రావణంలో సీమంతానికి ముహూర్తం పెట్టించడానికి పురోహితుడి దగ్గరకు వెళ్ళిన అమ్మ, జుట్టు లేని పిల్లకు పూలజడ ఎట్లా, అసలు సీమంతం చేయవచ్చునా అని భయపడుతూ అడిగిందట. సీమంతమంటేనే పాపిట అని, పూర్వం ఏదుపంది ముల్లుతో, దర్భలతో భర్త భార్యకు పాపిట తీసేవాడని, పూలజడ తరువాత వచ్చిన ముచ్చట అని ఆయన చెప్పారు. "పాపిట తీయడానికి చాలినంత ఉంది గదమ్మా" అన్నారట. అప్పటికి నా జుట్టు మూడు అంగుళాలు. మా ఆయన జుట్టు మెడ దిగి పెరిగి ఉంది. ఆయన దర్భ పోచలతో నా నుదుటి నుండి వెనక్కి గీత తీస్తే, అమ్మ ఆ పాపిటలో కుంకుమ పెట్టింది. గాజులు తొడిగే వేళకు ఆమె నవ్వుతూ ఉంది.

నవంబరులో పాప పుట్టింది, 2 కిలోల 800 గ్రాములు. మూడో నెలలో నా జుట్టు రాలడం మొదలైంది. గర్భంలో ఈస్ట్రోజన్ అనే హార్మోను వల్ల రాలకుండా ఆగిన వెంట్రుకలు కాన్పు తరువాత ఒక్కసారిగా రాలతాయని తెలుసు కాబట్టి కంగారు పడలేదు. ఆ రోజుల్లో పొడుగు వెంట్రుక పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేసే ప్రమాదం ఉందని పిల్లల డాక్టరు చెప్పారు. అందుకే స్నానం చేయించినప్పుడల్లా పాప వేళ్ళ సందులు చూసేదాన్ని.

కొబ్బరినూనె ఒక్కటే చాలాకాలం పడలేదు. పాపకు ఒళ్ళు పట్టడానికి అత్తమ్మ నూనె వెచ్చచేసేటప్పుడు నేను పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పాపను ఎత్తుకుని మాటల్లో పడి, నూనె గిన్నె పక్కనే చాలాసేపు నిలబడి ఉన్నానని ఆలస్యంగా తెలుసుకున్నాను. పాపకు పట్టడం అయ్యాక గిన్నె అడుగున కొంచెం మిగిలింది. పీట లాక్కుని అత్తమ్మ ముందు కూర్చుని, నాకు కూడా పెట్టమన్నాను.