హనోయ్: ఊరంతా ఫుట్‌పాత్ మీదే

వియత్నాం రాజధాని హనోయ్‌లో ట్రాఫిక్ తగ్గాక రోడ్డు దాటుదాం అనుకుంటే సాయంత్రం దాకా అక్కడే నిలబడాలి. బైకుల వరస ఎక్కడా తెగదు. హోటల్ అమ్మాయి నాకు చెప్పిన కిటుకు ఒక్కటే: మెల్లగా ఒకే వేగంతో నడవండి, మధ్యలో ఆగొద్దు, వెనక్కి రావొద్దు. మనమెటు పోతున్నామో తెలిస్తే వాళ్లే పక్కకి తప్పుకుని పోతారు. మొదట ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాను, తర్వాత అలవాటైపోయింది. కార్లు, బస్సుల దగ్గర మాత్రం ఈ ధైర్యం వద్దు.

పోనీ ఫుట్‌పాత్ మీద నడుద్దామా అంటే, సగం బైకుల పార్కింగే. మిగతా సగంలో మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్లు, వాటి మీద జనం. ఒకచోట పెద్దావిడ బియ్యపు నూడుల్స్‌ని జల్లెడ గరిటెతో మరిగే నీళ్లలో ముంచి తీసి, గిన్నెలో దులిపి, ఉల్లికాడలు చల్లి, సూప్ పోసి ఇచ్చేస్తోంది. కళ్లు మాత్రం పక్క కొట్టావిడ మీదే, కబుర్లు ఆగలేదు! అదే ఫో. 'బో' అని ఉంటే గొడ్డు మాంసం, 'గా' అంటే కోడి. శాకాహారులు 'కామ్ చాయ్' బోర్డు వెతుక్కోవాలి. కూరగాయలే కదా అని ఎక్కడపడితే అక్కడ తింటే అందులోనూ చేపల సాస్ ఉండొచ్చు.

పాతబస్తీకి '36 వీధులు' అని పేరు. ఒకప్పుడు వీధికో వృత్తి. హాంగ్ బాక్‌లో ఇప్పటికీ వెండి, నగల దుకాణాలున్నాయి. నాకు బాగా నచ్చింది హాంగ్ మా. పితృదేవతలకి కాల్చి పంపే కాగితపు సామాన్లు అక్కడ అమ్ముతారు. చొక్కాలు, చెప్పులు, మేడలు, నోట్ల కట్టలు, ఆఖరికి సెల్‌ఫోన్లు కూడా! పైలోకంలో సిగ్నల్ సంగతి నేనడగలేదు.

గుడ్డు కాఫీ పేరు వినగానే మొహం చిట్లించకండి. 1946లో పాలకి కొరత వచ్చినప్పుడు దానికి బదులు గుడ్డు పచ్చసొనని గిలక్కొట్టి వేయడంతో ఇది మొదలైందట. నీచు వాసన అస్సలు లేదు.

వియత్నాం నేత హో చి మిన్ సమాధి సోమ, శుక్రవారాల్లో మూసేస్తారు. మిగతా రోజుల్లోనూ పొద్దుటిపూటే చూడాలి, నిక్కర్లతో రానివ్వరు. అక్కడికన్నా 1070లో కన్ఫ్యూషియస్ కోసం కట్టిన సాహిత్య ఆలయంలో నాకు ఎక్కువసేపు పట్టింది. రాజుల కాలంనాటి కొలువు పరీక్షలు నెగ్గిన పండితుల పేర్లు చెక్కిన 82 శిలాఫలకాలు, ఒక్కోటీ ఒక రాతి తాబేలు వీపు మీద.

వీలైతే వారాంతం కలిసొచ్చేలా వెళ్లండి. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కీమ్ సరస్సు చుట్టూ బండ్లు రానివ్వరు. పిల్లలు బొమ్మ కార్లు తోలుతుంటారు, పెద్దలు పాటలు పెట్టుకుని డాన్సులు చేస్తుంటారు. కాలేజీ పిల్లలు ఇంగ్లీషు ప్రాక్టీసు కోసం మనల్ని పట్టుకుంటారు, ఓ పట్టాన వదలరు.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే. చీకట్లో తేడా తెలియదు, పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోండి.