పొద్దున్న నాలుగున్నరకి కాలు కింద పెడితే

మెలకువ రాగానే నేను చేసే మొదటి పని, కుడికాలు మంచం మీంచి దించి నేల తడిగా ఉందేమో చూసుకోవడం. పొడిగానే ఉంటుంది. అయినా చూస్తాను.

మాది విజయవాడ సింగ్‌నగర్, కింది వాటా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు మీద పడిన రోజు మీరు ఇక్కడుంటే కొత్తగా చెప్పేదేం లేదు. లేకపోతే, ఇంతే: నిద్రలేచి కాలు పెడితే చీలమండ దాకా నీళ్లు, గ్యాస్ సిలిండర్ ఎత్తి గట్టు మీద పెట్టేలోపు మోకాళ్లు దాటాయి. పాపని భుజాన వేసుకుని పైన ఓనరు గారి మేడ మీదకి పరిగెత్తాం.

నీళ్లు పోయాయి, బురద కడుక్కున్నాం, ఫ్రిజ్ పాత సామాన్ల బండికి వేసేశాం. నాకు మాత్రం నాలుగున్నర మెలకువ మిగిలిపోయింది. కళ్లు తెరిచేసరికే గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో ఏదో తిప్పేస్తూ ఉంటుంది. ముందు దడ వస్తుంది, దానికి కారణం ఆ తర్వాత నేనే వెతుక్కుంటాను, లోన్ కిస్తీ అనో, అమ్మ బీపీ అనో, బుడమేరు గండ్లు అనో.

కానీ ఇది రాయడానికి కారణం అది కాదు.

ఆ ఆదివారం మేడ మీద పిట్టగోడ పక్కన నిలబడి, తొమ్మిది నెలల పాపని ఎత్తుకుని కింద నీళ్లు చూస్తున్నాను. ఉన్నట్టుండి ఒక ఆలోచన: ఇప్పుడు చేతులు వదిలేస్తే? అంతే. రెండడుగులు వెనక్కి వేసి పిల్లని మా ఆవిడ చేతిలో పెట్టేసి ట్యాంకు చాటుకి వెళ్లి కూర్చున్నాను. నాకంటే నీచుడు ఉంటాడా అనిపించింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే, ఆ దడతో పాటే, అదే ఆలోచన. నేను దాన్ని తోసేయడం, అది ఇంకొంచెం గట్టిగా రావడం. మెల్లగా పాపని ఎత్తుకోవడం మానేశాను. మా ఆవిడ ఒకరోజు అడిగేసింది, "ఏవండీ, పిల్లంటే మీకు విసుగొచ్చిందా?" అని. ఏం చెప్పను?

అమ్మ దిష్టి తీసింది, కొండ మీద కుంకుమ తెచ్చి పెట్టింది. తన టెన్షన్ తనది, తప్పు పట్టను.

చివరికి గుంటూరులో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను, విజయవాడలో అయితే ఎవరైనా చూస్తారని. ఆ మాట బయటికి చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను, తల ఊపి "అలా చేయాలని ఉందా మీకు?" అన్నారు. లేదండీ, చచ్చేంత భయం అన్నాను. "అదే మరి, మీకు ప్రాణం ఎక్కడుందో అక్కడే కుడుతుంది ఇది. ఇలాంటివి మామూలు మనుషుల్లో చాలామందికి వస్తాయి, చెప్పుకోరు, అంతే" అన్నారు. రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లోనే మామూలు జనాన్ని అడిగి ఇది తేల్చారట. 1987లో వెగ్నర్ అనే ఇంకో సైకాలజిస్టు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించకండి అని విద్యార్థులకి చెబితే, వాళ్లకి మళ్లీ మళ్లీ అదే గుర్తొచ్చిందట. దీనికి అంత ప్రయోగం ఎందుకో, కోతిని తలుచుకోకుండా మందు తాగమని మనవాళ్లు ఏనాడో చెప్పారు.

పొద్దున్నే ఎందుకని అడిగితే, నిద్రలేచాక ముప్పావు గంట దాకా ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది అందరికీ ఉండేదే, మీకు దాని మీద భయం కూడా ఎక్కుతోంది అన్నారు. నేనేమో ఆ గంటలోనే ఫోన్ తీసి వాట్సాప్‌లో వరద మెసేజీలు చదువుతూ, ఖాళీ కడుపుతో రెండు కాఫీలు తాగుతున్నాను. ఫోన్ ఇప్పుడు రాత్రి వంటింట్లో పడుకుంటుంది. కాఫీ టిఫిన్ తర్వాతే. (ఇది ఇప్పటికీ బాధగానే ఉంది.)

అసలు కష్టమైంది మేడ. మందులతో పాటు ఆయన ఒక పని పెట్టారు, పాపని ఎత్తుకుని పైకి వెళ్లడం, ఆలోచన వస్తే తోసేయకుండా, నేను అలాంటివాణ్ణి కాదని నాకు నేను సర్దిచెప్పుకోకుండా, దడ దానంతటది తగ్గేదాకా అక్కడే ఉండటం. మొదటి రోజు మెట్ల గుమ్మం దాటలేకపోయాను. పాప నా చెవి పట్టుకుని లాగుతోంది, నా చొక్కా వీపు మీద అంటుకుపోయింది. వారానికి నీళ్ల ట్యాంకు దాకా, నెలకి బట్టలారేసే తీగ దాకా. ఇది చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి, ఒక డాక్టరు కొలిచి చెప్పాలి. నిజంగానే చేయాలనిపిస్తున్నా, ఎవరో చెవిలో చెయ్యమని చెబుతున్నట్టు ఉన్నా అది వేరే సంగతి, ఆగకుండా డాక్టర్ని కలవాలి. గుంటూరు దాకా వెళ్లలేకపోతే 14416 అని టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, డబ్బులు అక్కర్లేదు, ఏ టైమైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా ఆవిడకి చెప్పింది మాత్రం డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రాత్రి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు కూరగాయలు కోసేటప్పుడు వస్తుంది" అంది.

ఇవాళ కూడా నాలుగు నలభైకి లేచాను. కాలు పెట్టాను, పొడిగానే ఉంది. ఆరింటికి పాప తనే మెట్ల దగ్గరికి లాక్కెళ్లింది, పావురాలకి బియ్యం వేయాలట. పిట్టగోడ దగ్గరికి రాగానే ఆ మాట వచ్చింది. రానీ అనుకున్నాను. గుప్పెడు బియ్యంలో సగం నా చొక్కా జేబులో పోసింది.